తాగే నీటిలో, ఒంట్లో ట్రిటియం ఎంతుందో ఎలా తెలుసుకోవాలి?

ట్రిటియం కలిసిన నీళ్లు చూడ్డానికి మామూలు నీళ్లే. రంగు లేదు, వాసన లేదు, రుచిలో తేడా లేదు. మరిగిస్తే పోదు, ఆర్వో మెషీన్‌లో ఆగదు, టీడీఎస్ మీటర్ పెట్టినా ఏమీ తెలియదు. ఎందుకంటే అది నీటిలో కరిగిన మలినం కాదు. హైడ్రోజన్‌లోనే బరువైన, రేడియోధార్మిక రకం అది. ఆక్సిజన్‌తో కలిసి తానే నీరైపోతుంది. జపాన్‌లో ఫుకుషిమా అణు కేంద్రపు నీటిని శుద్ధి చేసే అంత పెద్ద వ్యవస్థ కూడా మిగతా రేడియోధార్మిక పదార్థాలను చాలావరకు తీసేయగలుగుతోంది గానీ ట్రిటియాన్ని తీయలేకపోతోంది. అందుకే 2023 ఆగస్టు నుంచి ఆ నీటిని, ట్రిటియం లీటరుకు 1,500 బెక్వెరెల్‌ల లోపుకు దిగేలా సముద్రపు నీటితో పలచన చేసి వదులుతున్నారు. బెక్వెరెల్ అంటే సెకనుకు ఒక పరమాణువు విచ్ఛిన్నం కావడం.

కాబట్టి ట్రిటియం ఎంతుందో తెలియాలంటే దానికంటూ ఉన్న పరీక్ష చేయించాల్సిందే. భయపడాలన్నా, నిశ్చింతగా ఉండాలన్నా చేతిలో ముందు ఒక అంకె ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను. ఆ అంకె ఎలా సంపాదించాలో, వచ్చాక దాన్ని ఎలా చదవాలో వరసగా చెబుతాను.

1. ఈ పరీక్ష మీకు అవసరమా?

ట్రిటియం కొద్దికొద్దిగా అన్నిచోట్లా ఉంది. అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాల వల్ల వాతావరణం పైపొరల్లో అది ఎప్పుడూ పుడుతూనే ఉంటుంది. 1950లు, 60లలో జరిగిన హైడ్రోజన్ బాంబు పరీక్షలతో విపరీతంగా పెరిగి, 1963 నాటికి ఉత్తరార్ధగోళపు వానల్లో వందల రెట్లయింది. దాని అర్ధజీవిత కాలం 12.3 ఏళ్లు. అంటే పన్నెండేళ్లకోసారి ఉన్నది సగమవుతుంది. ఆ బాంబుల ట్రిటియం ఇప్పుడు చాలావరకు తరిగిపోయింది. వాననీటిలో నేడు కనిపించేది లీటరుకు ఒక బెక్వెరెల్ అటూ ఇటూగా ఉండే చిన్న మొత్తమే.

అసలు పట్టించుకోవాల్సింది భారజల రియాక్టర్ల చుట్టుపక్కల. భారజలం అంటే మామూలు హైడ్రోజన్‌కు బదులు డ్యుటీరియం అనే బరువైన హైడ్రోజన్ ఉన్న నీరు. ఆ డ్యుటీరియం ఒక న్యూట్రాన్‌ను పట్టుకుంటే ట్రిటియం అవుతుంది, అందుకే మిగతా రియాక్టర్ల కంటే వీటిలో అది చాలా ఎక్కువగా పుడుతుంది. మన దేశంలో రావత్‌భాటా, కల్పాక్కం, నరోరా, కాక్రాపార్, కైగా, తారాపూర్‌లలో ఈ రకం రియాక్టర్లున్నాయి. కెనడాలో టొరంటో పక్కనున్న పికరింగ్, డార్లింగ్టన్ స్టేషన్లూ ఈ రకానివే. రెండూ లేక్ ఒంటారియో ఒడ్డునే ఉన్నాయి. ఎజాక్స్, విట్బీల్లో ఉంటున్న తెలుగు కుటుంబాలు తాగేదీ ఆ సరస్సు నీరే. వాళ్లు సొంతంగా పరీక్ష చేయించక్కర్లేదు. స్టేషన్ నడిపే సంస్థ చుట్టుపక్కల నీటి శుద్ధి కేంద్రాల్లో ట్రిటియం ఎంతుందో ఏటా నివేదికలో వేస్తుంది, అది చూసుకుంటే చాలు.

అమెరికాలో అణు విద్యుత్ కేంద్రం దగ్గర సొంత బోరు నీళ్లు తాగే ఇంటి సంగతి వేరు. అక్కడి కేంద్ర ప్రభుత్వ తాగునీటి నిబంధనలు సొంత బావులకు వర్తించవు. మినెసోటాలోని మాంటిసెల్లో ప్లాంటులో సుమారు 15 లక్షల లీటర్ల ట్రిటియం నీరు కారిన సంగతిని 2022 నవంబరులోనే కనుక్కున్నారు. జనానికి బహిరంగంగా చెప్పింది మాత్రం 2023 మార్చిలో. తాగునీటికి ముప్పు లేదనే అధికారులు చెప్పారు. అయినా అలాంటి చోట ఇల్లుంటే ఏడాదికోసారి మీ బోరు నీటిని మీరే పరీక్ష చేయించుకోవడం మంచిది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఉండేవాళ్లకు సూటిగా చెబుతాను. ఈ రెండు రాష్ట్రాల్లో నడుస్తున్న అణు విద్యుత్ కేంద్రం లేదు. మణుగూరులో ఉన్నది భారజలం తయారుచేసే ప్లాంటు. ట్రిటియం పుట్టేది ఆ భారజలం రియాక్టర్‌లోకి వెళ్లాకే. యురేనియం గని ఉన్న కడప జిల్లా తుమ్మలపల్లె ప్రాంతంలో నీటి గురించి ఆందోళన ఉంటే అక్కడ అడగాల్సింది యురేనియం పరీక్ష, ట్రిటియం పరీక్ష కాదు. తప్పు పరీక్ష చేయించి 'బాగుంది' అనే కాగితం తెచ్చుకుంటే అసలు సమస్య అలాగే ఉండిపోతుంది.

శ్రీకాకుళం జిల్లా కొవ్వాడ సంగతి మాత్రం ఆలోచించాలి. అక్కడ పెట్టాలనుకుంటున్న రియాక్టర్లు భారజలంవి కావు, వాటిలో ట్రిటియం తక్కువే పుడుతుంది, అయినా కొంత పుడుతుంది. ప్లాంటు ఏదైనా రాకముందే చుట్టుపక్కల ఊళ్ల బావుల్లో, చెరువుల్లో ఎంతుందో కొలిచి రాసిపెట్టుకోవాలి. రేపు ఎవరైనా 'ఇది ముందు నుంచీ ఉన్నదే' అన్నా, 'ఇదంతా ప్లాంటు వల్లే' అన్నా నిజం తేల్చేది ఆ పాత అంకే.

2. సరైన పరీక్షను పేరు పెట్టి అడగండి

ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లో రేడియోధార్మికతకు రెండు పరిమితులున్నాయి. మొత్తం ఆల్ఫా లీటరుకు 0.1 బెక్వెరెల్, మొత్తం బీటా 1 బెక్వెరెల్. ట్రిటియం వదిలేది బీటా కిరణాలే కదా, ఈ పరీక్షలో దొరికిపోతుంది అనిపిస్తుంది. దొరకదు. ఆ పరీక్షలో నీటిని ఆవిరి చేసి, గిన్నె అడుగున మిగిలిన దాన్ని కొలుస్తారు. ట్రిటియం ఆవిరితో పాటే వెళ్లిపోతుంది. అందుకని 'రేడియోధార్మికత పరిమితిలోనే ఉంది' అనే రిపోర్టు ట్రిటియం గురించి ఒక్క ముక్క కూడా చెప్పినట్టు కాదు.

ఆన్‌లైన్‌లో కొన్న గీగర్ కౌంటర్ కూడా పనికిరాదు. ట్రిటియం బీటా చాలా బలహీనం, గాలిలో ఓ 6 మిల్లీమీటర్లు పోతే ఆగిపోతుంది. కౌంటర్ కిటికీని కూడా దాటలేదు. మన చర్మపు పైపొరనూ దాటలేదు కాబట్టి బయట ఉంటే హాని లేదు. లోపలికి వెళ్లినప్పుడే లెక్క.

ల్యాబ్‌కు ఫోన్ చేసి ఇలా అడగండి: "నీటిలో ట్రిటియాన్ని లిక్విడ్ సింటిలేషన్ కౌంటింగ్‌తో కొలుస్తారా? ఎంత తక్కువ వరకు కొలవగలరు?" మామూలు పద్ధతిలో లీటరుకు 5 నుంచి 10 బెక్వెరెల్‌ల వరకు పట్టుకోగలరు. తాగునీరు సురక్షితమా కాదా అని తేల్చడానికి అది ధారాళంగా సరిపోతుంది. కొవ్వాడలాంటి చోట్ల ముందస్తు కొలతకు మాత్రం అది చాలదు. ఎలక్ట్రోలిసిస్‌తో, అంటే కరెంటు పంపి నీటిని విడగొట్టి తగ్గించి, ట్రిటియాన్ని చిక్కబరిచే సదుపాయమున్న ల్యాబ్ కావాలి. భూగర్భ జలాలను పరిశోధించే సంస్థల దగ్గర ఇలాంటివి ఉంటాయి. హైదరాబాద్‌లోని ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) వాళ్లకు ట్రిటియంతో దశాబ్దాల పరిచయం ఉంది. చాలా చిన్న మోతాదులో దాన్ని నేలలోకి ఎక్కించి, వానాకాలం తర్వాత ఎంత లోతుకు దిగిందో చూసి, భూమిలోకి వాననీరు ఎంత ఇంకుతోందో లెక్కగట్టే పని వాళ్లు ఎప్పటినుంచో చేస్తున్నారు.

3. శాంపిల్ పట్టే పద్ధతి

ముందు చేతి గడియారం తీసి పక్కన పెట్టండి, ముఖ్యంగా చీకట్లో మెరిసే డయల్ ఉన్నదైతే. 1960ల నుంచి 1990ల దాకా వచ్చిన చాలా స్విస్ గడియారాల డయల్ మీద ఆరు అంకె కింద 'టి స్విస్ మేడ్ టి' అని సన్నటి అక్షరాలు కనిపిస్తాయి. అందులో 'టి' అంటే ట్రిటియమే. తాతగారి గడియారం కట్టుకుని పట్టిన శాంపిల్‌లోకి, దాన్నుంచి కారే కొద్దిపాటి ట్రిటియం చేరితే సన్నటి కొలత పాడైపోతుంది.

గాజు సీసా గానీ, గట్టి పాలిథీన్ సీసా గానీ తీసుకోండి. కూల్‌డ్రింక్ బాటిల్ వద్దు. అర లీటరు చాలు, చిక్కబరిచే పరీక్షకైతే లీటరు పట్టండి. బోరైతే మోటారు వేసి పైపుల్లో నిలిచిన నీరంతా పోయేదాకా వదిలేయండి. కుళాయి అయినా కొన్ని నిమిషాలు వదలండి. ఫిల్టర్‌కు ముందు పట్టినా, తర్వాత పట్టినా ట్రిటియం ఒకేలా ఉంటుంది, అయినా ముందే పట్టండి. సీసాను అదే నీటితో రెండు మూడుసార్లు కడిగి, అంచుదాకా నింపి, లోపల గాలి బుడగ లేకుండా మూత బిగించండి. లోపల గాలి ఉంటే ఆ గాలిలోని తేమ నీటితో కలిసిపోతుంది.

యాసిడ్ గానీ, మరే మందు గానీ వేయొద్దు. సీసం, ఆర్సెనిక్ లాంటి లోహాల పరీక్షకు యాసిడ్ వేస్తారు కాబట్టి కొందరు ల్యాబ్ సిబ్బంది అలవాటుగా ఆ సీసాలే ఇస్తారు. మూత తీసి చూస్తే అడుగున కొన్ని చుక్కలు కనిపిస్తాయి. అవి వద్దని చెప్పి ఖాళీ సీసా అడగండి. ఊరు, బావి, తేదీ, టైము లేబుల్ మీద బాల్‌పెన్‌తో రాసి పైన టేపు వేయండి. ఒకే చోట నుంచి రెండు సీసాలు పట్టి, ఒకటి మీ దగ్గరే ఉంచుకోండి.

4. ల్యాబ్‌లో జరిగేది

నీటిని ముందు స్వేదనం చేస్తారు. లవణాలు, రంగు, రేడాన్‌లాంటి ఇతర రేడియోధార్మిక పదార్థాలు అడ్డు రాకుండా ఉండటానికి ఇది అవసరం. మొదట దిగిన కాస్త నీటిని పారబోసి, తర్వాత దిగిన నీటిని తీసుకుంటారు. దాంట్లో 8 మిల్లీలీటర్ల దాకా, 20 మిల్లీలీటర్ల చిన్న వయల్‌లో, సింటిలేషన్ కాక్‌టెయిల్ అనే ద్రవంతో కలిపి గట్టిగా ఊపుతారు. ట్రిటియం బీటా కణం ఒక్కొక్కటీ ఆ ద్రవానికి తగిలినప్పుడు కంటికి కనిపించనంత చిన్న మెరుపు పుడుతుంది. యంత్రం ఆ మెరుపుల్ని లెక్కపెడుతుంది. కలిపిన వెంటనే కొలవకూడదు. వయల్‌ను చీకట్లో కొన్ని గంటలు వదిలేయాలి. లేకపోతే గదిలోని వెలుతురు, రసాయన చర్యల వల్ల పుట్టే వెలుగు కూడా లెక్కలోకి వచ్చి అంకె పెరిగిపోతుంది. ట్రిటియం లేని పాత లోతుబావి నీటిని పక్కన పెట్టి దాన్నీ కొలుస్తారు. అది బ్లాంక్. రిపోర్టులో బ్లాంక్ వివరం ఉందో లేదో చూడండి. లేని ల్యాబ్ మీద నాకు నమ్మకం తక్కువ.

5. రిపోర్టు చదవండి, ముందుగా యూనిట్

యూనిట్ చూడకుండా అంకె చూస్తే గుండె ఆగినంత పనవుతుంది. అమెరికా ల్యాబ్‌లు పికోక్యూరీలలో ఇస్తాయి. ఒక బెక్వెరెల్ అంటే 27 పికోక్యూరీలు. 'లీటరుకు 2,700' అని వచ్చిందంటే అది 100 బెక్వెరెల్‌లే. భూగర్భ జల పరిశోధకులు ట్రిటియం యూనిట్లలో రాస్తారు. ఒక యూనిట్ అంటే లీటరుకు 0.118 బెక్వెరెల్.

రిపోర్టులో 'కంటే తక్కువ' గుర్తు పెట్టి 8 అని ఉంటే, 8 ఉందని కాదు, ఆ యంత్రం పట్టుకోగల కనీస మొత్తం కంటే తక్కువుందని. '9, ప్లస్ ఆర్ మైనస్ 4' అని ఉంటే దాన్ని పట్టుకుని 'పెరిగింది, తగ్గింది' అని వాదించకండి. రెండో శాంపిల్ పంపండి.

పరిమితుల విషయంలో దేశానికొక లెక్క ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన లీటరుకు 10,000 బెక్వెరెల్‌లు. కెనడాలో 7,000. అమెరికాలో 20,000 పికోక్యూరీలు, అంటే 740 బెక్వెరెల్‌లు. యూరోపియన్ యూనియన్‌లో 100. ఇంత తేడా ఏమిటని కంగారు పడకండి. యూరప్ వారి 100 అనేది 'ఇది దాటితే ఎక్కడినుంచో ఏదో కలుస్తోంది, కారణం వెతకండి' అని చెప్పే హెచ్చరిక అంకె. ఆరోగ్య సంస్థది ఏడాదంతా ఆ నీరే తాగితే వచ్చే డోసు ఆధారంగా పెట్టింది. నన్నడిగితే ఇంటివాళ్లు 100ను గుర్తుపెట్టుకోవాలి. దానివల్ల జబ్బు వస్తుందని కాదు, సహజంగా అంత ఉండదు కాబట్టి.

6. డోసు మీరే లెక్కగట్టండి

పెద్దవాళ్లు ట్రిటియం నీటిని తాగితే ఒక్కో బెక్వెరెల్‌కు 0.000018 మైక్రోసీవర్ట్ డోసు వస్తుందని అంతర్జాతీయంగా ఒప్పుకున్న లెక్క. రేడియేషన్ ఒంటి మీద చూపే ప్రభావాన్ని కొలిచే యూనిట్ సీవర్ట్; వెయ్యి మైక్రోసీవర్ట్‌లు ఒక మిల్లీసీవర్ట్. రోజుకు 2 లీటర్ల చొప్పున ఏడాదికి 730 లీటర్లు తాగుతారనుకోండి. నీటిలో లీటరుకు 100 బెక్వెరెల్‌లు ఉంటే మొత్తం 73,000. దాన్ని 0.000018తో గుణిస్తే సుమారు 1.3 మైక్రోసీవర్ట్‌లు. అదే 10,000 ఉంటే 130 మైక్రోసీవర్ట్‌లు, అంటే 0.13 మిల్లీసీవర్ట్. భూమి, గాలి, తిండి, ఆకాశం నుంచి ఏ రియాక్టరూ లేకుండా మనకు ఏటా వచ్చే సహజ డోసు ప్రపంచ సగటున 2.4 మిల్లీసీవర్ట్‌లు. మన ఎండలకు రోజుకు 4 లీటర్లు తాగే కూలీ అయితే లెక్కను రెట్టింపు చేయండి. పాలపొడి కలిపి పట్టే నెలల పిల్లలకు బెక్వెరెల్‌కు 0.000064 వేసుకోవాలి, అంటే పెద్దవాళ్ల కంటే మూడున్నర రెట్లు.

7. ఒంట్లో ఎంతుందో: మూత్ర పరీక్ష

ఇది ముఖ్యంగా భారజల రియాక్టర్లలో పనిచేసేవాళ్లకు, కాంట్రాక్టు పని మీద అక్కడికి వెళ్లే మనవాళ్లకు. రేడియేషన్ డోసు కొలవడానికి ఛాతీకి పెట్టుకునే టీఎల్‌డీ బ్యాడ్జి ట్రిటియాన్ని చూపదు. బ్యాడ్జిలో సున్నా వచ్చిందని మూత్ర శాంపిల్ ఎగ్గొట్టకండి. ట్రిటియం ఆవిరి ఊపిరితోనే కాదు, చర్మం గుండా కూడా లోపలికి పోతుంది. ఊపిరితో పోయేదానిలో దాదాపు సగమంత చర్మం నుంచి చేరుతుంది. మాస్కు ఒక్కటే చాలదు, ప్లాస్టిక్ సూట్ వేసుకోమనేది అందుకే.

ఈ పరీక్ష విలువ 2009 నవంబరులో కర్ణాటకలోని కైగాలో తేలింది. ప్లాంటులోని ఒక వాటర్ కూలర్‌లో ఎవరో కావాలనే ట్రిటియం ఉన్న భారజలాన్ని కలిపారు. తాగినవాళ్లకు రుచిలో ఏ తేడా తెలియలేదు. 50 మందికి పైగా సిబ్బంది ఒంట్లోకి అది చేరింది. బయటపెట్టింది ఏ అలారమూ కాదు, రివాజుగా ఇచ్చే మూత్ర శాంపిల్స్. కొందరి అంకెలు ఉన్నట్టుండి పెరగడంతో, వాళ్లంతా ఎక్కడెక్కడ తిరిగారో, ఏం తాగారో వెతుక్కుంటూ వెళ్లి ఆ కూలర్ దగ్గర తేల్చారు. నలుగురు బద్ధకించి శాంపిల్ ఇవ్వకపోయి ఉంటే ఇంకెంతమంది ఆ నీళ్లు తాగేవారో.

శాంపిల్ ఇచ్చేటప్పుడు చూసుకోవాల్సినవి కొన్నున్నాయి. లోపలికి వెళ్లిన ట్రిటియం ఒంట్లోని నీళ్లన్నిటిలో సమంగా కలవడానికి రెండు మూడు గంటలు పడుతుంది. పని ముగిశాక ఒకసారి మూత్రం పోసేసి, కనీసం రెండు గంటల తర్వాత వచ్చేదాన్ని సీసాలో పట్టండి. ముందు చేతులు కడుక్కోండి, పని బట్టలు మార్చుకోండి. రియాక్టర్ గాలి తగిలేచోట సీసా మూత తీయొద్దు. టైము తప్పకుండా రాయండి, లెక్కంతా దాని మీదే ఆధారపడుతుంది. బి-కాంప్లెక్స్ మాత్రలు వేసుకుని ఉంటే చెప్పండి. మూత్రం ముదురు పసుపు రంగులోకి వస్తే వయల్‌లో మెరుపులు సరిగా కనబడక అంకె తగ్గిపోవచ్చు. చెబితే ల్యాబ్ వాళ్లు సవరించి లెక్కేస్తారు.

అంకె వచ్చాక: ఒక్కసారిగా లోపలికి వెళ్లిన సందర్భంలో, మొదట్లో మూత్రం లీటరుకు 10 లక్షల బెక్వెరెల్‌లు ఉంటే మొత్తం మీద వచ్చే డోసు సుమారు 0.76 మిల్లీసీవర్ట్. మనిషి ఒంట్లో దాదాపు 42 లీటర్ల నీరుంటుందని, అందులో సగం ట్రిటియం ప్రతి పది రోజులకూ బయటికి పోతుందని వేసిన లెక్క ఇది. ఇరవై రోజులు ఆలస్యంగా శాంపిల్ ఇచ్చి రెండున్నర లక్షలు వచ్చిందంటే, మొదట్లో పది లక్షలు ఉన్నట్టే. కొద్ది భాగం మాత్రం ఒంట్లోని కొవ్వు, ప్రోటీన్లకు అంటుకుని నెల దాటి కూడా ఉంటుంది.

మన దేశంలో ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ మండలి) నిబంధన ప్రకారం రేడియేషన్ పనివాళ్లకు ఐదేళ్లలో 100 మిల్లీసీవర్ట్‌లు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 మించకూడదు. మామూలు జనానికి ఏడాదికి 1. కాంట్రాక్టు అయిపోయి ఊరికి వచ్చేసేటప్పుడు మీ డోసు వివరాలు కాగితం మీద అడిగి తీసుకోండి. తర్వాత వేరే ప్లాంటుకు వెళ్తే ఆ పాత డోసు కూడా ఈ ఐదేళ్ల లెక్కలోకి వస్తుంది.

8. ఎక్కువ వస్తే

నీటిలో అయితే, మీ దగ్గరున్న రెండో సీసాను మరో ల్యాబ్‌కు పంపండి. అదే బావి నుంచి కొత్త శాంపిల్ కూడా పట్టండి. ఇరుగుపొరుగు బావుల్లోనూ పట్టిస్తే ఎటువైపు నుంచి వస్తోందో తెలుస్తుంది. రెండోసారీ వంద దాటితే లిఖితపూర్వకంగా జిల్లా కలెక్టర్‌కూ, ఏఈఆర్‌బీకీ రాసి రసీదు పెట్టుకోండి. వేలల్లో ఉంటే తాగడానికి, వంటకు వేరే నీళ్లు తెచ్చుకోండి. ఫిల్టర్ అమ్మేవాళ్లు 'మా మెషీన్ ట్రిటియం తీసేస్తుంది' అంటే డబ్బులు పారేసుకోకండి.

ఒంట్లో అయితే మొదటి పని ఆ చోటు వదలడం, రెండోది ప్లాంటులో రేడియేషన్ భద్రత చూసే హెల్త్ ఫిజిక్స్ వాళ్లకు చెప్పడం. నీళ్లు, మజ్జిగ బాగా తాగితే ట్రిటియం త్వరగా బయటికి పోతుంది, డోసు తగ్గుతుంది. మరీ ఎక్కువైతే డాక్టర్లు మూత్రం ఎక్కువ వచ్చే మందులిస్తారు. ఆ మందులు సొంతంగా వేసుకోవద్దు. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు నీళ్లు ఎక్కువ తాగే ముందు కూడా డాక్టర్‌ను అడగాలి. గర్భిణి అయితే ఆ మాట మొదటే చెప్పాలి. అంకె మామూలుకు వచ్చేదాకా రెండు మూడు రోజులకోసారి శాంపిల్ ఇస్తూ, ప్రతి అంకెనూ తేదీతో ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. పది రోజులకు సగం కావాల్సింది కాకపోతే, లేదా మధ్యలో మళ్లీ పెరిగితే, ఇంకెక్కడి నుంచో లోపలికి వస్తోందని అర్థం. అప్పుడు తాగే నీళ్ల దగ్గర నుంచి మళ్లీ వెతకడం మొదలుపెట్టమని అడగండి.